ఒక్కో సైటుకు ఒక్కో ఫైలు

ఫోన్‌లో ఒక వెబ్‌సైట్ పేరు కొట్టగానే ఎక్కడో ఉన్న కంప్యూటర్ ఆ పేజీని పంపిస్తుంది. ఆ పని చేసే ప్రోగ్రామే వెబ్ సర్వర్. అపాచీ, ఇంజిన్‌ఎక్స్ వాటిలో పేరున్నవి. ఏ పేరుతో అడిగితే ఏ ఫోల్డర్‌లోంచి ఇవ్వాలి, ఏది ఎవరికీ చూపకూడదు, సర్టిఫికెట్ ఎక్కడుంది అన్నవన్నీ దానికి మామూలు టెక్స్ట్ ఫైళ్లలో రాసి పెట్టాలి. దాన్నే కాన్ఫిగరేషన్ అంటారు. ఒకే సర్వర్ మీద ఒక కాలేజీ సైటు, ఒక బట్టల కొట్టు సైటు, ఒక ఆస్పత్రి సైటు పక్కపక్కనే నడవడం మామూలే. అందుకే ఆ రాతల్ని ఎలా సర్దామన్నది ఎవరి అలవాటు వాళ్లదని వదిలేసే సంగతి కాదు. మార్పులు ఏ దారిన వస్తాయో ఫైళ్లను కూడా ఆ దారినే విడగొట్టాలని నా వాదన. మార్పులు దాదాపు ఎప్పుడూ సైటు వారీగానే వస్తాయి.

1995లో మొదలైన అపాచీ తొలి రోజుల్లో ఈ రాతల్ని మూడు ఫైళ్లుగా పంచింది. సర్వర్ నడక ఒకదాంట్లో, ఫైళ్లను చూపించే తీరు రెండోదాంట్లో, అనుమతులు మూడోదాంట్లో. చూడ్డానికి పద్ధతిగానే ఉంది. కానీ ఆస్పత్రిలో రక్త పరీక్షల కాగితాలన్నీ ఒక గదిలో, ఎక్స్‌రేలన్నీ ఇంకో గదిలో, మందుల చీటీలు మూడో గదిలో పెడితే ఒక్క రోగి సంగతి తెలుసుకోవడానికి డాక్టరు మూడు గదులూ తిరగాలి. ఇక్కడా అదే జరిగింది. 1.3.4 వెర్షన్ నుంచి అపాచీ తన ఆదేశాలన్నిటినీ ఒక్క ప్రధాన ఫైల్లోకి తెచ్చేసింది. ఫైలు ఒక్కటే ఉండడం మేలనడానికి ఇదే రుజువని కొందరంటారు. నాకలా అనిపించదు. విడగొట్టడం తప్పు కాలేదు, విడగొట్టిన చోటు తప్పయింది. రోగికో ఫైలు ఉండాల్సిన చోట కాగితం రకానికో ఫైలు పెట్టారు.

డెబియన్ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఈ చిక్కును చక్కగా విప్పింది. అందులో అపాచీకి రెండు ఫోల్డర్లు ఉంటాయి: ‘సైట్స్-అవైలబుల్’, ‘సైట్స్-ఎనేబుల్డ్’. సైటుకొకటి చొప్పున అసలు ఫైళ్లు మొదటిదాంట్లో ఉంటాయి. రెండోదాంట్లో ఉండేవి వాటిని చూపించే లింకులు మాత్రమే. సర్వర్ చదివేది ఆ రెండోదాన్నే. బట్టల కొట్టు సైటును నాలుగు రోజులు ఆపాలంటే దాని లింకు తీసేసి సర్వర్‌చేత మళ్లీ చదివిస్తే చాలు. రాసిందేదీ చెరిగిపోదు, పక్క సైటు ఫైలు తెరవనక్కర్లేదు.

ఇన్ని ఫైళ్లయితే మొత్తం ఒక్కచోట కనబడదు కదా అనొచ్చు. ఇంజిన్‌ఎక్స్‌లో పెద్ద ‘టి’ అక్షరంతో ఉన్న ఒక ఆదేశం ఇస్తే ఫైళ్లన్నిటినీ వరసగా పేర్చి తెర మీద చూపిస్తుంది. చదువుకోవడానికి ఒక్కటిగా, దిద్దుకోవడానికి విడివిడిగా ఉంటాయన్నమాట. అన్ని సైట్లకూ ఉమ్మడిగా ఉండే నియమాలను ఒకే ఫైల్లో రాసి, కావలసిన చోటికల్లా ‘ఇన్‌క్లూడ్’తో పిలుచుకోవచ్చు. ఇక్కడ మాత్రం జాగ్రత్త అవసరం. ఇంజిన్‌ఎక్స్‌లో భద్రత కోసం పై స్థాయిలో నాలుగు హెడర్లు (పేజీతో పాటు బ్రౌజర్‌కు పంపే సూచనలు) పెట్టి, లోపలి స్థాయిలో కొత్తగా ఒక్కటి చేర్చామనుకోండి. మామూలుగా ఆ లోపలి భాగానికి పై నాలుగూ వర్తించవు. తప్పు చూపే సందేశమేదీ రాదు, సైటు నడుస్తూనే ఉంటుంది, రక్షణ మాత్రం పోతుంది. ఒకే ఒక చిన్న సైటున్నవాళ్లకు ఇంత ఏర్పాటు అక్కర్లేదు, ఒక్క ఫైలు సరిపోతుంది.

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఒకటుంది. ఫైళ్లు వేరైనంత మాత్రాన సైట్లు ఒకదాన్నుంచి ఒకటి కాపాడబడవు. నిజమే. సర్వర్ వాటన్నిటినీ కలిపి ఒకే పాఠంగా చదువుతుంది. కాలేజీ ఫైల్లో ఒక సెమికోలన్ మర్చిపోతే ఆస్పత్రి సైటు కూడా లేవదు. అది వెంటనే బయటపడుతుందన్న భరోసా కూడా లేదు. నడుస్తున్న ఇంజిన్‌ఎక్స్‌ను మళ్లీ చదవమంటే తప్పు చూసి, పాత రాతలతోనే కొనసాగుతుంది. ఆ సందేశాన్ని ఎవరూ పట్టించుకోకపోతే తప్పు అలాగే ఉండిపోయి, నెల తర్వాత ఏ కరెంటు కోతకో యంత్రం ఆగి మళ్లీ మొదలైనప్పుడు సైట్లన్నీ ఒక్కసారిగా పడిపోతాయి. అందుకే ప్రతి మార్పుకూ ముందు పరీక్షించే ఆదేశం నడపాలి, ఏది ఎందుకు మార్చామో, మార్పుల చరిత్రను భద్రపరిచే గిట్‌ అనే ప్రోగ్రామ్‌లో రాసి దాచాలి. గిట్ లేనిచోట జనం పాత ఫైలుకు నకలు తీసి అక్కడే వదిలేస్తారు. డెబియన్‌లో ఇంజిన్‌ఎక్స్ కూడా తన ‘సైట్స్-ఎనేబుల్డ్’లో ఉన్న ఫైలునల్లా, పేరు చివర ఏమున్నా, చదివేస్తుంది. ఒకే సైటు పేరు రెండుసార్లు కనబడితే ఒక హెచ్చరిక వేసి, ముందు చదివినదాన్నే ఉంచుకుంటుంది. నకలు పేరు అక్షరక్రమంలో ముందుంటే పాత రాతలే అమల్లోకి వస్తాయి.

ఆ వరసకు ఇంకో పనీ ఉంది. తనకు తెలియని పేరుతో ఎవరైనా వస్తే, మనం వేరే చెప్పకపోతే, అపాచీ మొదట చదివిన సైటునే చూపిస్తుంది. డెబియన్‌లో డిఫాల్ట్ ఫైలు పేరు ముందు మూడు సున్నాలు పెట్టింది అందుకే. ఆ ఫైలు తీసేస్తే, ఆ పాత్ర అక్షరక్రమంలో తర్వాతున్న సైటుకు పోతుంది. దారితప్పి వచ్చినవాళ్లకు ఆస్పత్రి పేజీ తెరుచుకోవచ్చు. దాన్ని తీసేయకుండా, ఇక్కడ ఏ సైటూ లేదని చెప్పే రెండు లైన్ల పేజీకి ఆ పాత్రను అప్పగించడం మంచిది.