పాత బుల్లెట్‌కు కొత్త ముందు బ్రేకు

బ్రేకు వేయగానే మోటారు సైకిలు బరువు ముందు చక్రం మీదికి వాలుతుంది. వెనక టైరు తేలికై నేల మీద పట్టు వదులుతుంది. అందుకే బండిని ఆపే పనిలో ఇంచుమించు 70 శాతం ముందు బ్రేకుదే. వేగం 40 నుంచి 80 కిలోమీటర్లకు పెరిగితే ఆ బ్రేకు అణచాల్సిన శక్తి రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. అదంతా వేడిగా మారాల్సిందే. 160 కిలోలు దాటిన పాత బుల్లెట్ 350 ఈ వేడినంతా 7 అంగుళాల డ్రమ్ముతోనే తట్టుకునేది. అప్పటి రోడ్లకు, అప్పటి వేగాలకు అది సరిపోయింది. ఇవాళ హైవే మీద ముందున్న కారు ఠక్కున ఆగితే, ఆ డ్రమ్ముతో అంత దగ్గరలో ఆగడం కష్టం.

డ్రమ్ములో రెండు షూలుంటాయి. లివర్ నొక్కితే కేబుల్ లాగి, క్యామ్ తిరిగి, షూలు డ్రమ్ము గోడకు ఒత్తుకుంటాయి. చక్రం తిరిగే ఊపుకు ఒక షూ తనంతట తానే ఇంకా బిగుసుకుంటుంది. రెండోదాన్ని అదే ఊపు వెనక్కి నెడుతుంది. రెండు షూలూ బిగుసుకునేలా రెండు క్యాములు పెట్టిన డ్రమ్ములు తర్వాతి బుల్లెట్లకు వచ్చాయి. వీటి పట్టు చాలా మెరుగు. కాకపోతే ఎత్తులో నిలిపిన బండి వెనక్కి జారేటప్పుడు ఆ బలం పోతుంది, వెనక బ్రేకు తొక్కి పట్టుకోవాలి. ఇక ఏ డ్రమ్ముకైనా అసలు శత్రువు వేడే. వేడికి డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరమవుతుంది, లైనింగ్ పట్టు తగ్గుతుంది. ఘాటు రోడ్డు దిగుతుంటే లివర్ హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది.

డిస్కు కొనే ముందు ఉన్న డ్రమ్మును బాగుచేయించాలి. చాలా బళ్లకు అసలు కొరత ఇక్కడే. స్పోకుల బిగువుకు డ్రమ్ము కొద్దిగా కోలగా మారుతుంది కాబట్టి చక్రాన్ని స్పోకులతో సహా లేత్ మీద పెట్టి చెక్కించాలి. కొత్త షూలు, కొత్త కేబుల్ వేసి, బ్రేకు పట్టినప్పుడు క్యామ్ ఆర్మ్, కేబుల్ దాదాపు 90 డిగ్రీల కోణంలో ఉండేలా అమర్చాలి. రెండు క్యాముల డ్రమ్ములో లింక్ రాడ్ సరిచేసి, రెండు షూలూ ఒకేసారి తగిలేలా చూడాలి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. ఆ దుమ్మును గాలి కొట్టి ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి.

అప్పటికీ చాలకపోతే డిస్కు. డిస్కు గాలికి బయటే ఉంటుంది కనుక త్వరగా చల్లారుతుంది, వానలో తడిసినా తొందరగా ఆరుతుంది. తర్వాతి బుల్లెట్ ఎలక్ట్రాకు 280 మిల్లీమీటర్ల డిస్కు వచ్చింది. ఆ మోడల్ సామాను పాత బండికి పట్టించేటప్పుడు కాలిపర్ ఒక్కటే తెస్తే పని జరగదు. డిస్కు బిగించే హబ్బు, కాలిపర్‌కు చెవులున్న ఫోర్కు కింది భాగం, మాస్టర్ సిలిండర్, హోస్ అన్నీ ఒకే సెట్టుగా ఉండాలి. ఫోర్కుకు చెవులు వెల్డింగ్ చేయించడం ప్రాణాలతో చెలగాటం, ఆ పని చేయనేకూడదు.

మాస్టర్ సిలిండర్ ఎంపిక దగ్గరే ఎక్కువమంది పొరపాటు పడతారు. దాని లోపలి వ్యాసం ఎక్కువైతే లివర్ రాయిలా గట్టిగా ఉంటుంది, పట్టు మాత్రం తక్కువ. మరీ తక్కువైతే లివర్ మెత్తబడి హ్యాండిల్‌ను తాకుతుంది. కాలిపర్ పిస్టన్ల సైజుకు తగ్గదే వేయాలి. పాతబడిన రబ్బరు హోస్ ఒత్తిడికి ఉబ్బుతుంది. స్టీలు అల్లిక హోస్ ఉబ్బదు.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వరకు మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోవచ్చు. మరిగితే ఆవిరి బుడగలు పుట్టి లివర్ ఖాళీగా నొక్కుకుపోతుంది. రెండేళ్లకోసారి ఆయిల్ మార్చాలి, సిలికాన్ రకమైన డాట్ 5ను ఇందులో కలపకూడదు. పెయింటు మీద చుక్క పడినా వెంటనే నీళ్లతో కడగాలి. గాలి పూర్తిగా తీశాక, ఖాళీ రోడ్డు మీద మితమైన వేగంలో పలుమార్లు బ్రేకు వేసి కొత్త ప్యాడ్లను డిస్కుకు అలవాటు చేయాలి.

ఆర్‌సీలోని వివరాలు తయారీదారు నిర్దేశాలకు భిన్నమయ్యేలా బండిని మార్చడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధిస్తుంది. కాబట్టి పని మొదలుపెట్టక ముందే ఆర్టీఏ ఆఫీసులోనూ, బీమా కంపెనీ వద్దా అడిగి తెలుసుకోవాలి.