రాజ్యాంగం చివర చేవ్రాళ్లు

ఇంట్లో పాత భూమి దస్తావేజు ఉంటే తీసి చివరి పేజీ చూడండి. రాసిచ్చినవారి చేవ్రాలు, సాక్షుల సంతకాలు, అడుగున రాసినవారి దస్తూరి ఉంటాయి. చదువు రానివారికి వేలిముద్ర. భారత రాజ్యాంగం చివరి పేజీలనూ నేను అలాగే చదువుతాను.

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. ఆ సంతకాల వల్ల రాజ్యాంగం చట్టం కాలేదు. రాజ్యాంగ సభ దాన్ని 1949 నవంబరు 26నే ఆమోదించింది. పౌరసత్వం, ఎన్నికల సంఘం వంటి కొన్ని అధికరణాలు ఆ రోజే అమల్లోకి వచ్చాయి. సంతకాలు పెట్టింది రెండు నెలల తర్వాత, 1950 జనవరి 24న. అంటే అవి సాక్షి సంతకాలు. ‘ఈ పని జరిగినప్పుడు నేనున్నాను, దీనికి నాదీ పూచీ’ అని చెప్పడం.

ఆ రోజు బల్ల మీద మూడు ప్రతులు పెట్టారు: చేతితో రాసి బొమ్మలు వేసిన ఇంగ్లీషు ప్రతి, అచ్చువేసిన ఇంగ్లీషు ప్రతి, చేతిరాత హిందీ ప్రతి. మొత్తం 284 మంది సంతకం చేశారు. ప్రధానికి వేరే పని ఉందని నెహ్రూను ముందు పిలిచారు. ఆయన పైనుంచే మొదలుపెట్టారు. సభను నడిపిన రాజేంద్ర ప్రసాద్ పేరు, నెహ్రూ సంతకానికి పైన మిగిలిన కాస్త జాగాలో, ఏటవాలుగా ఇరుక్కుని కనిపిస్తుంది. అదే రోజు రాష్ట్రపతిగా ఎన్నికైన మనిషి సంతకం అది. ఆ పేజీలో నా చూపు మొదట ఆగేది అక్కడే.

ఇక దస్తూరి. ఇంగ్లీషు ప్రతిని రాసిన ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయ్‌జాదా రాతకూలి వద్దన్నారు. ప్రతి పేజీలో తన పేరు, చివరి పేజీలో తన పేరుతోపాటు తాతగారి పేరు ఉంటే చాలన్నారు. తనకు రాత నేర్పిన చేతిని అంత పెద్ద కాగితం మీద నిలబెట్టుకున్నారు.

సాక్షుల్లో మనవాళ్లు చాలామందే ఉన్నారు. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి వారిలో ఒకరు. దేశ్‌ముఖ్ అన్న ఇంటిపేరు 1953లో పెళ్లి తర్వాత వచ్చింది. సభలో ఆమె జి. దుర్గాబాయి. 1923 కాకినాడ కాంగ్రెస్ రోజుల్లో టికెట్టు లేదని నెహ్రూనే గుమ్మం దగ్గర ఆపిన పిల్ల, అదే నెహ్రూ సంతకం ఉన్న కాగితం మీద తన పేరూ పెట్టింది.

లేని సంతకాలనూ వెతకాలి. హైదరాబాద్‌లో పుట్టిన సరోజినీ నాయుడు సభలో సభ్యురాలే, 1949 మార్చిలో కన్నుమూశారు. హస్రత్ మోహానీ సభ్యుడై ఉండీ, అభ్యంతరాలతో సంతకం చేయలేదు. అన్నిటికన్నా పెద్ద ఖాళీ హైదరాబాద్ రాష్ట్రానిది. రాజ్యాంగాన్ని ఆమోదించిన సభలో దాని తరఫున ఒక్క ప్రతినిధీ లేడు. 1949 నవంబరులో నిజాం ఇచ్చిన ఫర్మానాతో రాజ్యాంగం అక్కడికీ వర్తించింది. నల్గొండ, వరంగల్, కరీంనగర్ జనం అందరి బదులూ ఒక్క రాజుగారి మాట. ఈ ఖాళీ నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

సంతకం అసలు ఎందరికి వచ్చు? 1951 జనాభా లెక్కల్లో చదవడం, రాయడం తెలిసినవారు నూటికి 18 మంది. మిగతావారిది వేలిముద్రే. అయినా 326వ అధికరణం ఓటుకు చదువు అడగలేదు, ఆస్తి అడగలేదు, వయసు అడిగింది. మొదటి ఎన్నికల్లో అభ్యర్థికో పెట్టె, దాని మీద గుర్తు పెట్టారు. ఓటరు ఏమీ రాయనక్కర్లేదు. వేలికి సిరా పూయించుకుని, కాగితం తీసుకెళ్లి నచ్చిన పెట్టెలో వేస్తే చాలు. ఆ ఎన్నికల్లో నల్గొండ జనం రావి నారాయణరెడ్డికి నెహ్రూకు వచ్చినవాటి కన్నా ఎక్కువ ఓట్లు వేసి లోక్‌సభకు పంపారు.