లంగరా? బంతా?

కిందటేడు అమెరికాలో ఉన్న మా తమ్ముడు మమ్మల్ని బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్‌కి తీసుకెళ్లాడు. తెరచాప పడవ అద్దెకు తీసుకుని తనే నడిపాడు. పగలంతా సరదానే. రాత్రి పడవని నిలపడం దగ్గరే చిక్కు!

నీళ్లమీద తేలే బంతులుంటాయి. వాటిని సముద్రం అడుగున బిగించి ఉంచుతారు. రాత్రికింతని డబ్బు కట్టి, పడవని కట్టేసుకోవడమే. మాకు దొరకలేదు. లంగరు వేశాం. పగడాలు పాడవకుండా ఇసుకలోనే వేయాలి. లోతుకి ఐదు నుంచి ఏడు రెట్లు గొలుసు వదలాలి. అయినా గాలి మళ్లితే జారొచ్చు. లోపల పిల్లలు నిద్రపోతున్నారు. ఒడ్డుమీది దీపాన్ని గుర్తు పెట్టుకుని నేనూ, మరదలూ తెల్లవార్లూ వంతులేసుకుని కూర్చున్నాం.

మర్నాడు బంతి దొరికింది. 'అమ్మయ్య' అనుకునేలోపే తమ్ముడు నీళ్లలోకి దూకి, కింది తాడు చూసొచ్చాడు.

"ఎవరో కట్టింది కదక్కా, చూడకుండా ఎలా నమ్ముతాం?"

నిజమే కదండీ! గ్యాసు కట్టామో లేదో చూసుకోకుండా మనం మాత్రం పడుకుంటామా?