సరోజినీ నగర్‌లో ఒక రూపాయి లెక్క

ఫిబ్రవరి జీతం స్లిప్పు వచ్చిన రోజు మన ఇళ్ళల్లో కాస్త నిశ్శబ్దంగా ఉంటుంది. ఏడాది పన్నులో మిగిలిందంతా ఆ ఒకటి రెండు నెలల్లోనే కోసేస్తారు కదా! మా ఇంట్లోనూ అంతే. ఈసారి స్లిప్పు చూసి మా ఆవిడ అడిగింది: "ఏమండీ, ఇంత కడుతున్నాం. మన వీధి చివర మురుగు కాలువ మూత పోయి నాలుగు నెలలైంది. పిల్లల్ని చెయ్యి పట్టుకుని దాటించాల్సి వస్తోంది. ఈ డబ్బంతా ఎక్కడికి పోతోంది?"

ఇరవై ఏళ్ళుగా బ్యాంకులో డబ్బు లెక్కలే చూస్తున్నాను. అయినా ఆ పూట సరైన జవాబు చెప్పలేకపోయాను. ఆ ఆదివారం ఇద్దరం సరోజినీ నగర్ మార్కెట్‌కు బయలుదేరాం. ప్రభుత్వానికి డబ్బు వచ్చే ముఖ్యమైన దారులు మూడు అక్కడ కళ్ళెదుటే కనిపించాయి. పన్ను, అప్పు, ఉన్న ఆస్తి అమ్మకం. మన కుటుంబాలన్నింటికీ పనికొస్తుందనిపించి ఆ లెక్క ఇక్కడ రాస్తున్నాను.

అప్పుతో వచ్చిన రైలు

దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు పెట్టిన సౌత్ క్యాంపస్ స్టేషన్‌లో మెట్రో ఎక్కాం. మూడో స్టేషన్ సరోజినీ నగర్. రాజమండ్రిలో పుట్టినావిడ పేరున్న చోట ఎక్కి, హైదరాబాదులో పుట్టినావిడ పేరున్న చోట దిగామన్నమాట! ఈ పింక్ లైన్ భాగం 2018 ఆగస్టు 6న మొదలైంది. ఢిల్లీ మెట్రో ఈ దశ నిర్మాణానికి కేంద్రం, ఢిల్లీ ప్రభుత్వం పెట్టిన డబ్బుతో పాటు జపాన్ సంస్థ జైకా ఇచ్చిన దీర్ఘకాలిక రుణం కూడా ఉంది. అప్పు తీరేలోపు రైలు లక్షలమందిని మోస్తుంది. ఇది ఇంటి లోన్ లాంటిది. కంతులు కడుతూనే ఆ ఇంట్లో ఉంటాం.

అన్ని అప్పులూ ఇలాంటివి కావు. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ఆ ఏడాదికి చేయాల్సిన అప్పు, అంటే ద్రవ్యలోటు, సుమారు 15.69 లక్షల కోట్ల రూపాయలు. రోడ్లు, రైళ్ళలాంటి ఆస్తుల కోసం పెట్టే మూలధన వ్యయం 11.21 లక్షల కోట్లు. రెవెన్యూ లోటు సుమారు 5.24 లక్షల కోట్లు. అంటే అప్పులో దాదాపు మూడో వంతు రోజువారీ ఖర్చులకే పోతోంది. ఇల్లు కట్టడానికి తెచ్చిన అప్పు వేరు, కిరాణా సరుకులకు తెచ్చిన అప్పు వేరు. ఈ తేడా మన ఇళ్ళల్లో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు.

"మరి అంత అప్పు ప్రభుత్వానికి ఎవరిస్తారు?" అంది మా ఆవిడ.

"నువ్వే," అన్నాను. నవ్వింది గానీ అది నిజం. ప్రతి బ్యాంకూ తన డిపాజిట్లలో కొంత భాగాన్ని ప్రభుత్వ సెక్యూరిటీలు, బంగారం, నగదు రూపంలో ఉంచుకోవాలి. దాన్నే ఎస్‌ఎల్‌ఆర్ అంటాం. 2020 నుంచి అది 18 శాతం. అందులో ఎక్కువ భాగం ప్రభుత్వ సెక్యూరిటీలే. బీమా ప్రీమియం, ప్రావిడెంట్ ఫండ్ డబ్బులో కూడా చాలా భాగం అక్కడికే చేరుతుంది. అత్తయ్యగారి ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద వచ్చే వడ్డీలో కొంత ప్రభుత్వం కట్టే వడ్డీయే. పన్ను కట్టేదీ మనమే, అప్పు ఇచ్చేదీ మనమే. ఆ వడ్డీ కోసం మళ్ళీ పన్ను కట్టేదీ మనమే.

పన్ను రూపాయి ఎటు పోతుంది?

మార్కెట్‌లో మా ఆవిడ 250 చెప్పిన కుర్తీని అరగంట బేరమాడి 150కి తెచ్చింది. అక్కడి బేరాల సంగతి ఢిల్లీలో పనిచేసినవాళ్ళందరికీ తెలుసు. వంద రూపాయల కోసం అంత పట్టుదల చూపించే మనం లక్షల్లో కట్టే పన్ను లెక్క మాత్రం ఒక్కసారీ చూడం. అది రహస్యమేమీ కాదు, బడ్జెట్ పత్రాల్లో ఏటా అచ్చవుతూనే ఉంటుంది.

2025-26లో కేంద్రానికి వచ్చే ప్రతి రూపాయిలో ఆదాయపు పన్ను 22 పైసలు, జీఎస్టీ 18, కంపెనీల పన్ను 17, ఎక్సైజ్ 5, కస్టమ్స్ 4. పన్నేతర ఆదాయం 9. అప్పులు 24. మిగిలిన పైసా ఇతర మూలధన రాబడి. పోయే రూపాయిలో రాష్ట్రాల వాటా 22 పైసలు, వడ్డీలు 20, కేంద్ర పథకాలు 16. రక్షణకు 8, ఫైనాన్స్ కమిషన్ గ్రాంట్ల వంటి బదిలీలకు 8, రాష్ట్రాలతో కలిసి నడిపే పథకాలకు 8, సబ్సిడీలకు 6, పెన్షన్లకు 4, ఇతర ఖర్చులకు 8.

ఈ జాబితాలో కాలువ మూత ఎక్కడుంది? ఎక్కడా లేదు. అది స్థానిక సంస్థ పని. సరోజినీ నగర్‌నే తీసుకోండి. అక్కడి వీధులు, చెత్త, దీపాలు చూసేది 1994 చట్టం కింద పనిచేసే న్యూఢిల్లీ మున్సిపల్ కౌన్సిల్. దానికి ఆస్తి పన్ను, లైసెన్సు రుసుములు, కరెంటు బిల్లుల వంటి సొంత రాబడి ఉంది. పోలీసులు కేంద్ర హోంశాఖ కింద ఉంటారు. సిటీ బస్సులు ఢిల్లీ ప్రభుత్వానివి. పైగా ఆ కౌన్సిల్‌కు వార్డుల వారీగా ఎన్నికైన కార్పొరేటర్లు ఉండరు. అంటే ఒకే వీధిలో నిలబడితే మూడు ప్రభుత్వాల కింద ఉన్నట్టు. జీతంలో కోసిన పన్ను చూసి కోపం వస్తుంది, మూత లేని కాలువ చూసి కోపం వస్తుంది. రెండూ న్యాయమైనవే. కానీ అవి వేరువేరు గుమ్మాల దగ్గర అడగాల్సినవి. తప్పు గుమ్మం దగ్గర ఎంత గట్టిగా అరిచినా జవాబు రాదు.

అమ్మితే వచ్చిన మేడలు

మార్కెట్ దాటి కొంచెం నడిస్తే కొత్త టవర్లు కనిపిస్తాయి. మా పిన్నిగారబ్బాయి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. ఇక్కడే వేపచెట్ల కింద ఒక పాత క్వార్టర్‌లో ఉండేవాడు. 2016 జూలైలో కేంద్ర మంత్రివర్గం ఢిల్లీలో ఏడు ప్రభుత్వ కాలనీలను తిరిగి కట్టాలని నిర్ణయించింది. పాత ఇళ్ళు 12,970. వాటి స్థానంలో సుమారు 25,667 కట్టాలి. 30 ఏళ్ళ నిర్వహణతో కలిపి అంచనా 32,835 కోట్లు. ఇంత డబ్బుకు పన్నూ వెయ్యలేదు, అప్పూ ప్రకటించలేదు. నౌరోజీ నగర్‌లోనూ, సరోజినీ నగర్‌లో కొంత భాగంలోనూ వాణిజ్య భవనాలు కట్టి, ఆ స్థలం అమ్మి తేవాలన్నారు.

వినడానికి ఉచితంగా వచ్చినట్టే ఉంటుంది. కానీ నౌరోజీ నగర్‌లో 600కు పైగా క్వార్టర్లు ఉన్న చోట ఇప్పుడు దాదాపు 34 లక్షల చదరపు అడుగుల ఆఫీసు భవనాలున్నాయి. చెట్లు కొట్టేస్తారని తెలిసి 2018 జూన్‌లో జనం సరోజినీ నగర్‌కు వచ్చి చెట్లను కౌగిలించుకున్నారు. ఢిల్లీ హైకోర్టు నరికివేతను ఆపించింది. పని మానలేదు గానీ ఆలస్యమైంది. 2025 జనవరి 3న సరోజినీ నగర్‌లో 28 టవర్లు, 2,500కు పైగా ఇళ్ళు ప్రారంభమయ్యాయి. పాడుబడిన ఇళ్ళ బదులు మంచి ఇళ్ళు రావడం మేలే. కాకపోతే భూమి కూడా మన పొదుపే. తాతగారి పొలం అమ్మి పెళ్ళి చేస్తే అప్పు లేకపోవచ్చు గానీ, పొలం కూడా ఉండదు.

మన దేశపు డబ్బు ఎటు పోతోందని లెక్కలతో మొదట అడిగినవారిలో దాదాభాయి నౌరోజీ ఒకరు. ఆయన పేరున్న కాలనీ పక్కన నిలబడి ఆ ప్రశ్న మళ్ళీ అడగడం తప్పేమీ కాదు.

మనం చేయగలిగింది

విసుగు మంచిదే, దానికో చిరునామా ఉంటే. ముందుగా ఆ పని ఏ సంస్థదో తెలుసుకోవాలి. తర్వాత ఖర్చు లెక్క అడగాలి. 2005 సమాచార హక్కు చట్టం కింద కేంద్ర సంస్థలకు దరఖాస్తు రుసుము 10 రూపాయలు. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. తప్పు ఆఫీసుకు వెళ్ళినా, దాన్ని సరైన ఆఫీసుకు పంపాల్సిన బాధ్యత ఆ ఆఫీసుదే. ఊళ్ళో మీ అమ్మానాన్నలకూ ఈ మాట చెప్పండి. మున్సిపల్ ఇంటి పన్ను రసీదు తీసి, దాని మీద ఏ సంస్థ పేరుందో ఒకసారి చూడమనండి.

మా ఆవిడ ఆ వారమే తెలుగు కలిసిన హిందీలో దరఖాస్తు రాసింది. ఇరవై ఆరో రోజున ఉత్తరం వచ్చింది. ఆ కాలువ తమది కాదని, దరఖాస్తును ఫలానా విభాగానికి పంపామని అందులో ఉంది. మూత ఇంకా పడలేదు. పక్కింటివాళ్ళు అడ్డంగా ఒక చెక్క వేశారు. పిల్లల్ని ఇంకా చెయ్యి పట్టుకునే దాటిస్తున్నాం. కానీ అది ఎవరి పనో ఇప్పుడు మా వీధి మొత్తానికీ తెలుసు. రెండో దరఖాస్తు కింద పదకొండు ఇళ్ళవాళ్ళు సంతకాలు పెట్టారు.