దీపాలదిన్నె కింద ఎవరి చరిత్ర?

కోస్తాలో దిన్నె, దిబ్బ, మిట్ట అని ముగిసే ఊరి పేర్లు చాలా ఉన్నాయి. నెల్లూరు తీరంలోని జువ్వలదిన్నె అలాంటిదే. దిన్నె అంటే చుట్టూ ఉన్న నేలకన్నా ఎత్తయిన చోటు. ప్రతి దిన్నె కిందా బౌద్ధం ఉందని అనలేం. కానీ ఆంధ్రదేశపు బౌద్ధం చాలావరకు దిన్నెలుగా మారే మన దాకా వచ్చింది. భట్టిప్రోలు స్తూపాన్ని లంజదిబ్బ అన్నారు. అమరావతి మహాచైత్యాన్ని దీపాలదిన్నె అన్నారు. ఒకదాంట్లో తిట్టుంది, ఇంకోదాంట్లో వెలుగుంది. రెండింట్లోనూ బుద్ధుడి పేరు లేదు.

అమరావతి సంగతే చూద్దాం. పక్కనున్న ధరణికోటే నాటి ధాన్యకటకం. ఇక్కడి చైత్యం క్రీస్తుకు పూర్వం మొదలై సాతవాహనుల కాలంలో మహాచైత్యంగా పెరిగింది. 1182లో కోట కేతరాజు బుద్ధునికి దానాలిచ్చినట్టు అమరేశ్వరాలయం శాసనం చెబుతోంది. 1344 నాటి సింహళ శాసనం కూడా, ధర్మకీర్తి అనే స్థవిరుడు ధాన్యకటకంలో ప్రతిమాగృహాన్ని బాగుచేయించాడని అంటుంది. అంటే బౌద్ధం ఇక్కడ ఒక్కరోజులో పోలేదు. పోయాక మాత్రం జనం జ్ఞాపకంలోంచి తుడిచిపెట్టుకుపోయింది.

1790ల చివర జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు ఇక్కడ కొత్త పట్నం కట్టించాడు. రాళ్ళ కోసం దిన్నెను తవ్వించారు. శిల్పాలు కొన్ని చెరువు మెట్లయ్యాయి, కొన్ని కాలి సున్నమయ్యాయి. 1797లో వచ్చి చూసిన కాలిన్ మెకంజీ 1816లో మళ్ళీ వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన రాళ్ళు మద్రాసు చేరి, 1859లో లండన్‌కు ఓడెక్కాయి. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. అదే ఏడాది మద్రాసు గవర్నర్ ఉత్తరువుతో దిన్నె నడిబొడ్డంతా తవ్వేశారు. 1881 చివర బర్జెస్ వచ్చేసరికి అక్కడ మిగిలింది పెద్ద గొయ్యి.

ఇదంతా రాజులు, జమీందార్లు, దొరల కథ. మరి కట్టినవాళ్ళెవరు? జవాబు రాళ్ళమీదే ఉంది. బ్రాహ్మీ లిపిలో, ప్రాకృతంలో దాతల పేర్లున్నాయి: భిక్షుణులు, గృహిణులు, వర్తకులు, సుగంధాలమ్మేవాళ్ళు. వాళ్ళలో ఒకడు విధికుడు. వృత్తి ‘చమ్మకార’, అంటే తోలుపని. తండ్రి నాగుడు ఉపాధ్యాయుడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, పిల్లలతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకను దానం చేశాడు.

ఈ ఒక్క శాసనంతో ఆనాడు హెచ్చుతగ్గులే లేవని తేల్చెయ్యకూడదు. అది చెప్పేది అది చెబుతుంది: తోలుపని చేసే మనిషి తన వృత్తిని దాచుకోకుండా, ఇంటిల్లిపాదితో, మహాచైత్యం రాతిమీద పేరు రాయించుకున్నాడు. అతని తండ్రి చదువు చెప్పేవాడు. తర్వాతి కాలంలో అదే వృత్తివాళ్ళను గుడి గడప తొక్కనివ్వలేదు, బడికి దూరంగా ఉంచారు. ఈ రెండింటి మధ్య జరిగిందేమిటన్నదే చరిత్ర అడగాల్సిన ప్రశ్న. 1956లో నాగపూర్‌లో అంబేద్కర్ బౌద్ధం తీసుకున్నప్పుడు దళితులు పరాయి ఇంటికి పోయారన్నవాళ్ళు ఉన్నారు. విధికుడి పలక వాళ్ళకో జవాబు.

2006లో అమరావతిలో కాలచక్ర ఉత్సవం జరిగింది. 2015లో కొత్త రాజధానికి ఆ పేరే పెట్టారు. పేరు పెద్దదైంది, విధికుడు మాత్రం చాలామందికి తెలియదు. ఉపాధ్యాయులు పిల్లల్ని మ్యూజియానికి తీసుకెళ్తే శిల్పం అందంతో ఆగకండి, కింద ఎవరి పేరుందో అడగండి. మీ ఊరి దిన్నె మట్టిని ట్రాక్టర్లు తోలుకుపోక ముందే దాని పేరు, దాని మీద పెద్దవాళ్ళు చెప్పే కథ రాసిపెట్టుకోండి. రాయి పోయినచోట పేరు కూడా సాక్ష్యమే.