నమూనా తెరచాప పడవల పందేలలో పాయింట్ల లెక్కింపు

నమూనా తెరచాప పడవల పందేలలో పాయింట్ల లెక్కింపు అనగా, చిన్న తెరచాప పడవలతో ఒక క్లబ్బు సభ్యులు కొన్ని వారాలు లేదా నెలల పాటు ఆడే పందేల వరుసలో విజేతను నిర్ణయించే పద్ధతి. గాలి ప్రతిరోజూ ఒకే తీరుగా వీయదు కనుక ఒక్క పందెంతో ఎవరి నేర్పు ఎంతో చెప్పలేము. అందుచేత అనేక పందేల ఫలితాలను కూడి, వరుస మొత్తానికి స్థానాలు ఇస్తారు. ఈ కూడిక నియమాలలో చిన్న మార్పు జరిగినా విజేత మారిపోవచ్చును.

చరిత్ర

రేడియో నియంత్రణ రాకముందు నమూనా పడవలను చెరువు గట్టు నుండి స్వేచ్ఛగా వదిలేవారు. చుక్కానిని తెరచాప తాడుతోనో, గాలిని బట్టి తిరిగే రెక్కతోనో ముందుగా సరిచేసి పెట్టేవారు. పందెం ఇద్దరిద్దరి మధ్య జరిగేది. గాలికి ఎదురుగా సాగే పరుగులో గెలిచిన పడవకు 3 పాయింట్లు, గాలివాటున సాగే పరుగులో గెలిచిన దానికి 2 పాయింట్లు ఇచ్చేవారు. ఎదురుగాలిలో సాగడం కష్టం కనుక దానికి ఎక్కువ విలువ. ప్రతి పడవ మిగిలిన అన్నింటితోనూ తలపడాలి. 10 పడవలుంటే 45 జతలు, జతకు 5 చొప్పున మొత్తం 225 పాయింట్లు పంపకమయ్యేవి. ఈ పద్ధతిలో ఎక్కువ పాయింట్లు పొందినవారే విజేత.

రేడియో నియంత్రణ వచ్చిన తరువాత పడవలన్నీ ఒకేసారి బయలుదేరే పందేలు సాధ్యమైనాయి. దానితో పెద్ద పడవల పందేలలోని లెక్కింపే నమూనా పడవలకూ వచ్చింది.

తక్కువ పాయింట్ల పద్ధతి

తెరచాప పడవల పందేల నియమావళిని వరల్డ్ సెయిలింగ్ అను అంతర్జాతీయ సంస్థ నాలుగేళ్ళకొకసారి సవరిస్తుంది. 2025-2028 కాలపు నియమావళి 2025 జనవరి 1 నుండి అమలులో ఉన్నది. అందులోని అనుబంధం 'ఎ' పాయింట్ల లెక్కింపును, అనుబంధం 'ఇ' రేడియో నియంత్రిత పడవలకు వర్తించే మార్పులను తెలుపుతాయి.

ఈ పద్ధతిలో మొదటి స్థానానికి 1, రెండవ స్థానానికి 2, మూడవ స్థానానికి 3, ఇలా ఎన్నవ స్థానమైతే అన్ని పాయింట్లు. అన్నింటినీ కూడగా ఎవరికి తక్కువ వస్తే వారు గెలిచినట్లు. రెండు పడవలు ఒకేసారి గమ్యరేఖను చేరితే ఆ రెండు స్థానాల పాయింట్లను కూడి సమానంగా పంచుతారు. ఉదాహరణకు మూడు, నాలుగు స్థానాలలో సమంగా వచ్చినవారికి చెరి 3.5.

ఇదివరలో ఒలింపిక్ పోటీలలో వేరొక పద్ధతి ఉండేది. అందులో మొదటి ఆరు స్థానాలకు వరుసగా 0, 3, 5.7, 8, 10, 11.7 పాయింట్లు, ఏడవ స్థానం నుండి స్థానసంఖ్యకు 6 కలిపి ఇచ్చేవారు. మొదటి స్థానానికీ రెండవ స్థానానికీ నడుమ ఎక్కువ అంతరం ఉంచి, గెలుపుకు విలువ పెంచడం దీని ఉద్దేశము.

రాని పడవలు, పూర్తిచేయని పడవలు

ఫలితాల పట్టికలో కొన్ని సంకేతాక్షరాలు కనిపిస్తాయి. ప్రారంభ స్థలానికే రాకపోతే డి.ఎన్.సి., వచ్చికూడా బయలుదేరకపోతే డి.ఎన్.ఎస్., పూర్తిచేయకపోతే డి.ఎన్.ఎఫ్., అనర్హత పొందితే డి.ఎస్.క్యూ. అని వ్రాస్తారు. సాధారణ నియమం ప్రకారం వీరందరికీ, వరుసలో నమోదైన పడవల సంఖ్యకు ఒకటి కలిపి పాయింట్లు ఇస్తారు.

క్లబ్బు వరుసలో దీనివలన ఒక చిక్కు వస్తుంది. 20 పడవలు నమోదై, ఒక ఆదివారం 8 మాత్రమే వచ్చాయనుకుందాం. పందెం మధ్యలో బ్యాటరీ అయిపోయి ఆగిన పడవకూ, అసలు ఇంటినుండి బయలుదేరని పడవకూ 21 పాయింట్లే పడతాయి. దీనిని సరిదిద్దుటకు నియమావళిలో ఎ5.3 అను ఐచ్ఛిక నియమము కలదు. పోటీ ప్రకటనలో ముందే పేర్కొంటే, ప్రారంభ స్థలానికి వచ్చినవారికి ఆ రోజు వచ్చిన పడవల సంఖ్యకు ఒకటి కలిపి, అనగా 9 పాయింట్లు ఇస్తారు. రానివారికి 21 అలాగే ఉంటాయి.

చెడ్డ ఫలితాల వదిలివేత

ప్రతి పడవకు వచ్చిన ఫలితాలలో అతి చెడ్డదానిని లెక్క నుండి తీసివేస్తారు. వేరుగా ప్రకటించనిచో ఒక్కటే వదలాలి. పొడవైన వరుసలలో ఎక్కువ వదలవచ్చును. అయితే డి.ఎన్.ఇ. అను తీవ్రమైన అనర్హతను వదలడానికి వీలులేదు.

6 పడవలు నమోదైన 5 పందేల వరుసను తీసుకుందాం. రానివారికి 7 పాయింట్లు.

'క' పడవ: 1, 1, 7, 7, 1 (రెండుసార్లు రాలేదు)
'చ' పడవ: 2, 2, 2, 1, 2
'గ' పడవ: 3, 3, 1, 2, 3

ఒక ఫలితాన్ని వదిలితే 'చ'కు 7, 'గ'కు 9, 'క'కు 10. విజేత 'చ'. రెండు ఫలితాలను వదిలితే 'క'కు 3, 'చ'కు 5, 'గ'కు 6. విజేత 'క'. పడవలు పరిగెత్తిన తీరు ఒక్కటే, నియమము మాత్రమే మారింది. తక్కువ వదిలివేతలు క్రమం తప్పక వచ్చేవారికి, ఎక్కువ వదిలివేతలు వచ్చినప్పుడు బాగా గెలిచేవారికి మేలు చేస్తాయి.

నిర్వహణ బాధ్యత

చిన్న క్లబ్బులలో పందెం నిర్వహణను సభ్యులే వంతులవారీగా చేస్తారు. ఆ రోజు వారు పోటీ చేయలేరు కనుక, చాలా క్లబ్బులు వారికి ఇతర పందేల సగటును ఇస్తాయి. పై ఉదాహరణలో 'క' నాలుగవ పందెం నాడు నిర్వహణలో ఉన్నాడనుకుంటే, అతని సగటు (1+1+7+1)÷4 = 2.5. అప్పుడు ఒక ఫలితాన్ని వదిలిన తరువాత అతని మొత్తం 5.5 మాత్రమే. 7 పాయింట్లున్న 'చ'ను దాటి గెలుస్తాడు. ఈ సగటు ఇవ్వని చోట, నిర్వహణకు ముందుకు వచ్చినవాడే నష్టపోతాడు.

సమాన పాయింట్లు

వరుస చివర ఇద్దరికి సమాన పాయింట్లు వస్తే, వదిలినవి కాక మిగిలిన ఫలితాలను మంచివాటి నుండి చెడ్డవాటికి వరుసగా వ్రాసి పోల్చుతారు. 1, 3, 4 తెచ్చుకున్న పడవ, 2, 2, 4 తెచ్చుకున్న పడవ కంటె పైన నిలుస్తుంది. అప్పటికీ తేలకపోతే చివరి పందెంలో ముందున్నవారిదే పైచేయి. అదీ సమానమైతే దాని ముందరి పందెం చూస్తారు. ఈ రెండవ పోలికలో వదిలివేసిన ఫలితాలను కూడా లెక్కలోకి తీసుకుంటారు.

పెద్ద పోటీలు

ఒక మీటరు పొడవుగల ఇంటర్నేషనల్ వన్ మీటర్ వంటి తరగతుల పెద్ద పోటీలలో పడవలన్నిటినీ ఒకేసారి వదిలితే గట్టు మీదివారికి తమ పడవ ఏదో పోల్చుకోవడం కష్టం. అందుకని హెచ్.ఎమ్.ఎస్. అను పద్ధతిలో వాటిని గుంపులుగా విభజిస్తారు. ముందు క్రింది గుంపు పరిగెత్తుతుంది. అందులో మొదటి నలుగురు అదే పందెంలో పై గుంపులో చేరి మరల పోటీ చేస్తారు. పై గుంపులో చివరి నలుగురు తరువాతి పందెంలో క్రిందికి దిగుతారు. పై గుంపులో 20 పడవలుంటే, క్రింది గుంపులో అయిదవగా వచ్చిన పడవకు 21 పాయింట్లు.

నియమాల ప్రకటన

ఎన్ని ఫలితాలు వదలాలి, రానివారికి ఎన్ని పాయింట్లు, నిర్వహణ చేసినవారికి సగటు ఉందా లేదా అనే మూడు విషయాలను మొదటి పందేనికి ముందే పోటీ ప్రకటనలో లేదా సెయిలింగ్ సూచనలలో తెలుపవలెను. వరుస నడుమ మార్చితే ఏ మార్పు ఎవరికి లాభమో అప్పటికే అందరికీ తెలిసిపోతుంది కనుక, నిర్ణయం ఎంత న్యాయమైనదైనా వివాదానికి తావిస్తుంది.