ఉప్పెన అందరికీ కనపడిద్ది, మరి ఉప్పు?

వాతావరణ మార్పు అనంగానే మీ కళ్ళ ముందుకి ఏ బొమ్మ వస్తది? మంచుముక్క మీద నిలబడ్డ తెల్ల ఎలుగుబంటి. ఫెళ్ళున విరిగి సముద్రంలో పడే మంచుకొండ. గుడివాడలో అడిగినా, బందరులో అడిగినా, నాగాయలంకలో అడిగినా చాలామంది చెప్పేది ఇదే. మనలో ఎవరూ ఆ ఎలుగుబంటిని చూసింది లేదు. మరి అది మన బుర్రలోకి ఎట్టా వచ్చింది? ఎవరో కెమెరా పట్టుకుని అక్కడిదాకా పోయారు, మనం ఫోన్‌లో చూశాం. డాక్యుమెంటరీ జనం అభిప్రాయాన్ని మార్చే దారి ఇదే. ఏం అనుకోవాలో చెప్పేకన్నా ముందు, ఏం ఊహించుకోవాలో మనకి అందించిద్ది.

చిక్కు కూడా అక్కడే ఉంది. బొమ్మ ఎక్కడిదైతే బాధ కూడా అక్కడిదే అనిపించిద్ది. మంచు కరిగేది వాళ్ళకి, మనకేంటి అనుకుంటాం.

మన సీమకంటూ ఒక సొంత బొమ్మ లేకపోలేదు. 1977 నవంబరు 19. తాటిచెట్టంత ఎత్తున అల వచ్చిందని పెద్దాళ్ళు ఇప్పటికీ చెప్తారు. దాదాపు పదివేల మంది పోయారని సర్కారు లెక్కే చెప్పింది, అసలు లెక్క ఇంకా ఎక్కువని దివిసీమలో అందరూ అనే మాట. అంతకుముందు 1864లో బందరు మీదికొచ్చిన ఉప్పెనలో 30 వేల మంది పోయారు. ఇంత పెద్ద బొమ్మ మనసులో ఉన్నాక చిన్నవి కంటికి ఆనవు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్ళు వదిలినప్పుడు అన్ని ఛానెళ్ళూ వచ్చాయి. వరదకి కెమెరా వస్తది, తుపానుకి వస్తది. బోరునీళ్ళు ఏడాదికేడాది ఉప్పగా మారుతుంటే ఏ కెమెరా రాదు. చవుడు తెల్లగా పొంగి వరి చచ్చిపోయిన అరెకరం వార్త కాదు.

సరే, సినిమా నిజంగా మనుషుల్ని మార్చిద్దా? 2006లో ఆల్ గోర్ చెప్పిన ‘ఆన్ ఇన్‌కన్వీనియెంట్ ట్రూత్’ వచ్చింది, తర్వాతి ఏడాది ఆస్కార్ కూడా కొట్టింది. అమెరికాలో గ్రాంట్ జాకబ్సన్ అనే పరిశోధకుడు దాని ప్రభావాన్ని లెక్కగట్టాడు. తన వల్ల గాల్లోకి పోయిన పొగకి బదులుగా, ఎక్కడో పొగ తగ్గించే పనికి సొంత డబ్బు కట్టడం అక్కడ ఒక పద్ధతి. సినిమా ఆడిన చోటుకి 16 కిలోమీటర్ల లోపు ఉన్న ప్రాంతాల్లో, విడుదలైన రెండు నెలల్లో ఇట్టా కట్టడం మిగతా చోట్లకంటే 50 శాతం పెరిగింది. ఏడాది తిరిగేసరికి ఆ ఊపు దాదాపు కనపడలేదు.

ఈ లెక్కలో రెండు సంగతులున్నాయి. సినిమా జనాన్ని కదిలిస్తది, జేబులోంచి డబ్బు తీయించేంతగా. కానీ ఆ వేడి ఎక్కువ కాలం నిలవదు. చూసినాక చెయ్యడానికి ఒక పని, అడగడానికి ఒక మనిషి, మళ్ళీ కలిసి మాట్లాడుకోడానికి ఒక చోటు లేకపోతే చల్లారిపోద్ది.

ఇదే సినిమాని ఇంగ్లండు బడుల్లో చూపించాలన్నప్పుడు ఒకాయన కోర్టుకెక్కాడు. 2007లో లండన్ హైకోర్టు జడ్జి, సినిమాలోని అసలు శాస్త్రం సరైందే అన్నాడు. దాంతోపాటే తొమ్మిది చోట్ల ప్రధాన శాస్త్ర అభిప్రాయంతో పొసగడం లేదని చెప్పి, పిల్లలకి చూపించేటప్పుడు ఆ వివరణ కూడా ఇవ్వమన్నాడు. వాటిలో ఒకటి సముద్రం 20 అడుగులు పెరుగుద్దన్న మాట. అంత పెరగాలంటే వేల ఏళ్ళు పట్టిద్ది, సినిమా చూస్తే రేపే అన్నట్టు ఉంటది. అదే ఏడాది బ్రిటన్‌లో వాతావరణ మార్పంతా మోసం అంటూ ఛానెల్ 4లో ఇంకో డాక్యుమెంటరీ వచ్చింది. తను చెప్పినదానికి అర్థం మార్చి చూపించారని అందులో కనిపించిన సముద్ర శాస్త్రవేత్త కార్ల్ వున్షే గట్టిగా అన్నాడు. కత్తిరింపు బల్ల మీద మాట అట్టా తిరగబడిద్ది. అందుకే డాక్యుమెంటరీ అనంగానే నిజం అనుకోవద్దు. ఎవరిని మాట్లాడించారు, ఎవరిని వదిలేశారు, ఏ మాట తర్వాత ఏ బొమ్మ పెట్టారు అని చూడండి.

మన డెల్టాకి ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. సముద్రం పెరుగుతున్న మాట నిజం. కానీ మన నేల కష్టానికి అదొక్కటే కారణం కాదు. కృష్ణ తెచ్చిన ఒండ్రుతో ఏర్పడిన నేల ఇది. ఆ ఒండ్రు పైన డ్యాముల వెనకాల ఆగిపోతంది. కృష్ణా డెల్టాకి చేరే ఒండ్రు 94 శాతం తగ్గిందని 2009లో ‘నేచర్ జియోసైన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధన లెక్క చెప్పింది. కొత్త మట్టి రాకపోతే డెల్టా కుంగుద్ది, అలలు అంచుని కోసుకుపోతాయి. నాచుగుంట వైపు ఒడ్డు కోతకి ఇదీ ఒక కారణమే. దానికి తోడు కాలవ చివరి భూములకి మంచినీళ్ళు చాలినంత అందవు. వరి పక్కనే ఉప్పునీటి రొయ్యల చెరువు తవ్వితే, ఊట ఆ చేలోకి దిగిద్ది.

ఇప్పుడు ఎవరన్నా వచ్చి, భూమి వేడెక్కింది, సముద్రం పొంగింది, దివిసీమ మునుగుతంది అని సినిమా తీశారనుకోండి. చూసినవాళ్ళకి కన్నీళ్ళు వస్తాయి. కానీ డ్యాము, డ్రెయిను, చెరువు ఏవీ లెక్కలోకి రావు. అడగాల్సిన మనిషే లేకుండా పోతాడు. సినిమా ఏ కారణం చూపించిద్దో, జనం ఆ మందే అడుగుతారు. పోనీ చెరువుల్ని మాత్రమే దొంగని చేసి చూపిస్తే? ఆ చెరువు మీద కూలికి పోయేవాళ్ళూ, అప్పు చేసి తవ్వినవాళ్ళూ మన ఊరివాళ్ళే. వాళ్ళ మాట కూడా వినని సినిమాని ఊరు నమ్మదు.

మనవాళ్ళు తీసి చూపించిన దాఖలా ఉంది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత ఆడవాళ్ళు కెమెరా నేర్చుకున్నారు. వరంగల్ రైతులు బీటీ పత్తి మీద ఎందుకు కోపంగా ఉన్నారో 2003లో సినిమా తీశారు. అది విత్తనం కథ, వాతావరణం కథ కాదు. కానీ పొలం తెలిసినవాళ్ళే రైతుని ప్రశ్న అడిగితే ఆ జవాబు వేరుగా ఉంటదని అది చూపించింది. ఒడిశాలో సముద్రం మింగేసిన సాతభాయా ఊళ్ళ మీద నీలమాధవ్ పండా 2005లో డాక్యుమెంటరీ తీశాడు. తర్వాత ఆ ఊరి కథతోనే ‘కలిర అతీత’ అనే సినిమా తీశాడు. ఒక్కసారి చూపించి వదిలెయ్యలేదు.

మనం ఏం చెయ్యొచ్చు? ‘చేజింగ్ ఐస్’ సినిమాలో జేమ్స్ బాలోగ్ మంచుకొండల ముందు కెమెరాలు బిగించి, ఏళ్ళ తరబడి ఒకే చోటుని తీశాడు. నెమ్మదిగా జరిగేదాన్ని కంటికి చూపించే ఉపాయం అదే. మనకి బిగించే కెమెరా అక్కర్లేదు. ప్రతి అమావాస్య పోటుకి ఒకే స్లూయిజు దగ్గర, ఒకే చోట నిలబడి ఫోన్‌తో ఫొటో తీసి తేదీ రాసుకోండి. ఒకే బోరునీళ్ళని నెలనెలా మీటరుతో కొలిచి అంకెని వీడియోలో చూపించండి. రైతు సాయిల్ హెల్త్ కార్డులో ఈసీ అనే గడి ఉంటది, ఉప్పు ఎంతో చెప్పేది అదే. రెండేళ్ళు ఓపిక పడితే ఎవరూ కొట్టిపారెయ్యలేని సినిమా తయారవుద్ది.

ఒక్క మాట. తీసింది యూట్యూబ్‌లో పెట్టే ముందు గ్రామసభలో చూపించండి. చెరువు ఆయన, వరి ఆయన, వేటకి పోయే ఆయన, మంచినీళ్ళు మోసే ఆమె ఒకే చోట కూర్చుని చూడాలి. లైట్లు వేసినాక డ్రెయిను పూడిక ఎప్పుడు తీస్తారు, స్లూయిజు తలుపు ఎవరు బాగుచేస్తారు అని అడిగి, ఆ మాట తీర్మానంగా రాయించండి. ఆ కాగితం చేతికొస్తే సినిమా పని చేసినట్టు.